పెట్రోల్ ట్యాంకు లోపలి తుప్పు: తరచుగా అడిగే ప్రశ్నలు

బైక్ ట్యాంకు లోపలి తుప్పును ఇంటి దగ్గరే వదిలించుకుందామనుకునేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. విజయవాడ, గుంటూరు ఎండకి, నీళ్లకి, ఇక్కడి కొట్లలో దొరికే సరుకులకి సరిపోయేలా రాశాను. ఒక మాట ముందే చెప్పాలి. తుప్పు వదిలించడం పెద్ద కష్టం కాదు. వదిలించిన వెంటనే ట్యాంకును ఆరబెట్టి లోపల ఆయిల్ పట్టించడమే అసలు పని. చాలామంది పని చెడేది అక్కడే.

ట్యాంకులో తుప్పు పట్టిందని ఎలా తెలుస్తుంది?

బండి నడకే ముందు చెబుతుంది. పొద్దున బాగానే స్టార్ట్ అవుతుంది, ఊళ్లో బాగానే తిరుగుతుంది. గుంటూరు వెళ్దామని హైవే ఎక్కి కాస్త స్పీడు పెంచగానే జర్కులు ఇచ్చి ఆగిపోతుంది. రెండు నిమిషాలు పక్కన నిలబెడితే మళ్లీ స్టార్ట్ అవుతుంది. తుప్పు పొడి పెట్రోల్ ట్యాప్ జాలీకి అడ్డం పడడం వల్ల కార్బురేటర్‌లోకి పెట్రోల్ సన్నగా దిగుతోందన్నమాట. నెమ్మదిగా పోతే ఆ కాస్త సరిపోతుంది, స్పీడులో సరిపోదు.

ఖాయం చేసుకోవాలంటే కార్బురేటర్ కింద పెట్రోల్ నిలిచే చిన్న గిన్నె, అంటే ఫ్లోట్ బౌల్ విప్పండి. అడుగున ఇటుక పొడిలాంటి మెత్తని ఎర్రటి మడ్డి ఉంటే, వేళ్ల మధ్య నలిపితే గరుకుగా తగిలితే అది తుప్పే. తర్వాత ట్యాంకు మూత తీసి చిన్న ఎల్‌ఈడీ టార్చ్‌తో లోపలికి చూడండి. లైటర్, అగ్గిపుల్ల దగ్గరికి కూడా రానివ్వకూడదు. అడుగు ఒక్కటే చూసి వదిలేయకండి, మూత పక్కన పైకప్పు కూడా చూడండి. తేమ పట్టేది అక్కడే కాబట్టి చాలా ట్యాంకుల్లో తుప్పు పైనుంచే మొదలవుతుంది.

లోపల కనిపించేది నల్లగా, జిగటగా, పాత వార్నిష్ వాసనతో ఉంటే అది తుప్పు కాదు, పాడైన పెట్రోల్ మడ్డి. దానికి యాసిడ్లు పనిచేయవు. థిన్నరో కొత్త పెట్రోలో పోసి నానబెట్టి కడగాలి.

మూత బిగించే ఉంటుంది కదా, లోపలికి నీళ్లు ఎలా వస్తాయి?

నాలుగైదు దారులున్నాయి. మొదటిది గాలి. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే ఆ ఖాళీలో ఉన్నదంతా తేమ గాలే. పగలు ట్యాంకు వేడెక్కి, తెల్లవారుజామున చల్లబడేసరికి ఆ తేమ లోపలి గోడలకు చిన్న బొట్లుగా పడుతుంది. నీళ్లు పెట్రోల్ కంటే బరువు కాబట్టి జారి అడుగుకు చేరి అక్కడే ఉండిపోతాయి. నెలల తరబడి కదలని బండిలో ఇది రోజూ జరుగుతుంది.

రెండోది మూత. మూత కింద రబ్బరు వాషర్ గట్టిపడి పగిలితే వాన నీళ్లు సరాసరి లోపలికే. ట్యాంకులో మునిగి ఉండే రకం మూతలున్న బళ్లకు ఇంకో చిక్కు ఉంది. మూత చుట్టూ చేరిన నీళ్లు పోవడానికి ఒక చిన్న రంధ్రం, దాని కింద సన్నని పైపు ఉంటాయి. దుమ్ముతో ఆ రంధ్రం మూసుకుపోతే వాన నీళ్లు గుంటలో నిలిచి, వాషర్ పక్కనుంచి మెల్లగా దిగుతాయి. ఈ రంధ్రం సంగతి బండి ఉన్నవాళ్లలో చాలామందికి తెలియదు. సన్నని తీగతో పొడిచి, పైన కాసిన్ని నీళ్లు పోసి కింద పైపులోంచి కారుతున్నాయో లేదో ఈరోజే చూసుకోండి.

వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ గన్ మూత మీదకే పట్టడం మరో దారి. ఇక బంకు పెట్రోల్‌లోనే నీళ్లున్నాయని అనుమానం వస్తే, నీటిని పట్టించే పేస్టుతో పరీక్ష చేసి చూపించమని అడగండి.

ఇథనాల్ కలిపిన పెట్రోల్ వల్లే తుప్పు పడుతోందంటున్నారు. నిజమేనా?

కొంతవరకు. 2025 నాటికి మన దగ్గర బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే. ఇథనాల్‌కు నీటిని పీల్చుకునే గుణం ఉంది. రోజూ తిరిగే బండిలో ఆ కాస్త నీరు పెట్రోల్‌తో కలిసే ఇంజిన్‌లోకి పోయి ఆవిరైపోతుంది, ఇబ్బంది లేదు. నిలిచిపోయిన బండిలోనే సమస్య. నీరు ఒక హద్దు దాటిందంటే ఇథనాల్, నీరు రెండూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుగున వేరే పొరగా చేరతాయి. ఇనుమును తినేది ఆ పొర. కాబట్టి రెండు మూడు నెలలు బండి తీయరని తెలిస్తే పెట్రోల్ మొత్తం దింపేసి, లోపల ఆయిల్ పట్టించి ఉంచడమే నయం.

బుడమేరు వరదలో మునిగిన బండి అలాగే పడి ఉంది. ట్యాంకు పనికొస్తుందా?

2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వైపు రోజుల తరబడి నీళ్లలో ఉన్న బళ్లు వేలల్లో ఉంటాయి. అప్పుడు ఇంజిన్ మాత్రం బాగు చేయించుకుని ట్యాంకును పట్టించుకోనివాళ్లు ఇప్పుడు ఈ ప్రశ్న అడుగుతున్నారు. పనికొచ్చే అవకాశం బాగానే ఉంది. కాకపోతే వరద బండిలో తుప్పు కంటే ముందు బురద పోవాలి. సన్నని ఒండ్రు ట్యాంకు అతుకుల్లో చేరి గట్టిపడి ఉంటుంది. దాని మీద ఏ ద్రావణం పోసినా కింద ఉన్న తుప్పును తాకదు. వేడినీళ్లు, బట్టల సర్ఫు పోసి, ఊపి, వచ్చే నీళ్లు తేటగా కనిపించేదాకా కడగండి. అప్పటిదాకా నిమ్మ ఉప్పు జోలికి వెళ్లొద్దు.

ట్యాంకు దింపి శుభ్రం చేయకముందు కిక్కు కొట్టడం, తాళం తిప్పడం లాంటివి చేయకండి. కాస్త బురద ఇంజిన్‌లోకి వెళ్లినా ఖర్చు ఎన్నో రెట్లవుతుంది.

వెనిగర్, నిమ్మ ఉప్పు, చింతపండు, కూల్ డ్రింక్... దేంతో కడగాలి?

నా ఓటు నిమ్మ ఉప్పుకే. వంటింట్లో వాడే నిమ్మ ఉప్పే సిట్రిక్ యాసిడ్. విజయవాడ వన్‌టౌన్‌లోనో గుంటూరు పట్నం బజారులోనో హోల్‌సేల్ కొట్లలో కిలోల లెక్కన దొరుకుతుంది. తుప్పును బాగా కరిగిస్తుంది, మంచి ఇనుమును తినేది తక్కువ, ఘాటు ఆవిరి రాదు, చేతికి అంటినా కడుక్కుంటే పోతుంది.

వెనిగర్ కూడా పనిచేస్తుంది గానీ నెమ్మది. పది లీటర్ల ట్యాంకు నింపాలంటే పది లీటర్ల వెనిగర్ కొనాలి, నీళ్లు కలిపితే పదును తగ్గుతుంది. చింతపండులో పులుపు ఉంది, ఇత్తడి బిందెలు మెరిసేది దానివల్లే. కానీ గుజ్జు, పీచు ట్యాంకు మూలల్లో చిక్కుకుని తర్వాత జాలీకి అడ్డం పడతాయి. కూల్ డ్రింకుల్లో ఉండే యాసిడ్ చాలా కొద్ది, చక్కెర మాత్రం బోలెడు. ఆ జిగట వదిలించడానికి మళ్లీ ఇంకో పని పెట్టుకోవాలి. ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రెడీమేడ్ రస్ట్ రిమూవర్లు బాగానే పనిచేస్తాయి. కొంటే డబ్బా మీద రాసిన కొలత, సమయం తప్పకుండా పాటించండి.

మెకానిక్ బాత్‌రూమ్ యాసిడ్ పోస్తే పది నిమిషాల్లో తెల్లబడుతుందంటున్నాడు. పోయించవచ్చా?

వద్దు. తెల్లబడే మాట నిజమే. ఆ యాసిడ్ తుప్పుతో ఆగదు, రేకును కూడా తింటుంది. పాత ట్యాంకుల్లో రేకు అప్పటికే పలచబడి ఉంటుంది కాబట్టి చిల్లులు పడతాయి. దాని ఆవిరి ఊపిరితిత్తులకు ప్రమాదం, పెయింట్ మీద చుక్క పడితే మచ్చ పోదు. అన్నిటికంటే ముఖ్యం, ఆ యాసిడ్ అతుకుల్లో కొద్దిగా మిగిలినా కడిగిన తర్వాత మునుపటికంటే వేగంగా తుప్పు పడుతుంది. బ్లీచింగ్ కలిసిందంటే విషవాయువు వస్తుంది. బ్యాటరీ యాసిడ్‌కూ ఇదే జవాబు.

నిమ్మ ఉప్పుతో చేసే పని మొత్తం వరుసగా చెప్పండి.

ముందు పెట్రోల్ దింపి, మంటకు, స్విచ్చులకు దూరంగా ఆరుబయట పెట్టండి. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు, నేల మీద పాకుతూ పోతుంది. పక్కింటి పొయ్యి కూడా దూరం కాదనే అనుకోండి. ట్యాంకు విప్పి ట్యాప్, మూత, పెట్రోల్ ఎంతుందో కొలిచే గేజ్ ఫ్లోట్ అన్నీ తీసేయండి. ఇత్తడి, అల్యూమినియం ముక్కలు యాసిడ్‌లో ఉండకూడదు. ట్యాప్ రంధ్రానికి సైకిల్ ట్యూబు ముక్క, దాని మీద చిన్న రేకు పెట్టి బోల్టులతో బిగిస్తే చుక్క కారదు. బయట పెయింట్ మీద, ముఖ్యంగా మూతి చుట్టూ, వాజిలిన్ పూసి ప్లాస్టిక్ కవర్ చుట్టండి.

తర్వాత వేడినీళ్లు, సర్ఫు పోసి రెండు మూడుసార్లు కడగండి. లోపల పెట్రోల్ జిడ్డు ఉంటే నిమ్మ ఉప్పు తుప్పును అంటుకోదు. కడిగాక లోపల నీళ్లు పొరలా పరుచుకోవాలి. బొట్లు బొట్లుగా విడిపోతుంటే జిడ్డు ఇంకా పోలేదని అర్థం.

లీటరు నీటికి 70 నుంచి 100 గ్రాముల నిమ్మ ఉప్పు లెక్క. పది లీటర్ల ట్యాంకుకు ముప్పావు కిలో నుంచి కిలో దాకా పడుతుంది. టీవీఎస్ ఎక్స్‌ఎల్ లాంటి నాలుగు లీటర్ల చిన్న ట్యాంకుకు 300, 400 గ్రాములు చాలు. బాగా వేడిగా ఉన్న నీళ్లలో బకెట్‌లో ముందే కరిగించి పోయండి. ట్యాంకు మూతి దాకా నింపాలి. సగం నింపితే నీటి గీత దగ్గర కొత్త తుప్పు పడుతుంది, పైకప్పు తుప్పు అలాగే ఉండిపోతుంది. మూతి బిగించి మూసేయకండి. లోపల గ్యాస్ పుడుతుంది, దానికి దారి ఉండాలి.

మామూలు తుప్పుకు 12 గంటలు, ఎక్కువుంటే ఒక రోజు. మధ్యలో టార్చ్ వేసి చూస్తూ ఉండండి. ఎర్రదనం పోయి బూడిద రంగు ఇనుము కనబడితే పని అయినట్టే. తేలిగ్గా పోతోంది కదా అని రెండు మూడు రోజులు వదిలేస్తే లోపల పచ్చని పొర పేరుకుంటుంది, ఇనుమూ తగ్గుతుంది. పెచ్చులు ఎక్కువగా ఉన్న ట్యాంకుకు ఒకేసారి ఎక్కువ సేపు ఉంచడం కంటే పాత ద్రావణం పారబోసి కొత్తది పోయడం మేలు.

ఇంకో విషయం. కొన్ని ట్యాంకులకు లోపల కంపెనీ వేసిన పలచని పూత ఉంటుంది. నిమ్మ ఉప్పు దాన్ని కూడా తీసేస్తుంది. కాబట్టి అక్కడక్కడా చిన్న మచ్చలు మాత్రమే ఉన్న ట్యాంకుకు ఇంత పని పెట్టుకోకండి. కొత్త ఫిల్టర్ వేసి, ట్యాంకు నిండుగా ఉంచి తిరగండి.

కడిగిన గంటకే మళ్లీ ఎర్రబడింది. ఏం తప్పు జరిగింది?

ఈ ప్రశ్న అడగనివాళ్లు లేరు. యాసిడ్‌తో కడిగిన ఇనుముకు పైన ఏ రక్షణా ఉండదు. నీళ్లు, గాలి తగిలిన నిమిషాల్లోనే నారింజ రంగు పొర మొదలవుతుంది. బోరు నీళ్లు ఉప్పగా ఉండే చోట ఇంకా వేగం. అందుకే ద్రావణం పారబోసే ముందే తర్వాతి సరుకంతా పక్కన సిద్ధంగా పెట్టుకోవాలి: వంట సోడా, మంచినీళ్లు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, టూ స్ట్రోక్ ఆయిల్. ద్రావణం పారబోశాక ఫోన్ మోగినా తీయొద్దు.

ద్రావణం పారబోసి, ఒకసారి నీళ్లతో కడిగి, బకెట్ నీళ్లలో గుప్పెడు వంట సోడా కలిపి పోసి ఊపండి. లోపల మిగిలిన పులుపు విరుగుతుంది. నురగ ఆగిపోయాక పారబోసి, చివరి కడుగు ఆర్‌ఓ నీళ్లతోనో, బ్యాటరీకి వాడే డిస్టిల్డ్ వాటర్‌తోనో కడగండి. వెంటనే ట్యాంకు తలకిందులు చేసి నీళ్లు దింపి, అర లీటరు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి అన్ని వైపులా తిప్పండి. అది అతుకుల్లో దాగిన నీటిని తనలో కలుపుకుని బయటికి తెస్తుంది. దింపేశాక ఎండలో మూతి కిందికి వాలేలా పెట్టండి. ఆల్కహాల్ ఆవిరి ఉండగా హెయిర్ డ్రయర్, హీట్ గన్ వాడకండి, అంటుకుంటుంది. చల్లని గాలి బ్లోయర్ అయితే ఫర్వాలేదు.

మే నెల ఎండలో పావుగంటలో ట్యాంకు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, అంతకంటే మంచి డ్రయర్ అక్కర్లేదు. ఆరగానే నీడలోకి తెచ్చి, చల్లారాక వంద మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిల్‌లో కాస్త పెట్రోల్ కలిపి పోసి, పైకప్పుకు కూడా అంటేలా తిప్పండి. అదే రోజు బిగించి ఫుల్ ట్యాంక్ కొట్టించగలిగితే ఇంకా మంచిది.

ఇంత చేశాక కూడా పలచని నారింజ ఛాయ కనిపిస్తే టెన్షన్ పడకండి. వేలితో రాస్తే పొడి రానంతవరకు అది బండికి హాని చేయదు.

వానాకాలంలో చేయవచ్చా?

తప్పకపోతే చేయండి, లేదంటే ఆగండి. జూలై, ఆగస్టుల్లో గాలే తడిగా ఉంటుంది, ఆరబెట్టడం సగం సగంగా మిగులుతుంది. రోహిణి కార్తె ఎండలు అందరూ తిట్టుకునేవే గానీ ఈ పనికి అంతకంటే మంచి రోజులు లేవు. పొద్దున ఎనిమిదింటికి ద్రావణం పారబోసేలా ముందు రోజు నానబెట్టుకుంటే మధ్యాహ్నానికి పని అయిపోతుంది.

లోపల నట్లు, గులకరాళ్లు వేసి ఊపమంటారు. అవసరమా?

పెచ్చులు కట్టిన తుప్పుకు మాత్రమే. గులకరాళ్లు వద్దు, విరిగిన ముక్కలు మూలల్లో ఉండిపోతాయి. నట్లు వేస్తే లెక్కపెట్టి వేయండి, లెక్కపెట్టి తీయండి. వీటన్నిటికంటే పాత సైకిల్ చైను మంచిది. ఒక కొసకు తీగ కట్టి లోపలికి వదిలి, కాసిన్ని నీళ్లు పోసి ఊపి, తీగ పట్టుకుని లాగేస్తే మొత్తం బయటికి వస్తుంది. ఈ పని నిమ్మ ఉప్పు పోయక ముందు చేయాలి. పొడి ట్యాంకులో ఇనుము ఇనుముకు రాసుకుంటే నిప్పురవ్వ రావచ్చు కాబట్టి సర్ఫు నీళ్లతో కడిగి, నీళ్లుండగానే ఊపండి.

బ్యాటరీ చార్జర్‌తో కరెంటు పెట్టి తుప్పు తీసే పద్ధతి ఎలాంటిది?

మంచి పద్ధతే, అసలు ఇనుమును తినదు. బట్టల సోడా కలిపిన నీళ్లు నింపి, చార్జర్ నెగెటివ్ ట్యాంకుకు, పాజిటివ్ మధ్యలో వేలాడే ఇనుప కడ్డీకి ఇస్తారు. కడ్డీ ట్యాంకుకు తగలకూడదు, స్టెయిన్‌లెస్ స్టీల్ కడ్డీ అసలు వాడకూడదు, నీళ్లు విషమవుతాయి. లోపల పుట్టే హైడ్రోజన్ పేలే గుణం ఉన్నది. చార్జర్ ఆపకుండా క్లిప్ పీకితే వచ్చే చిన్న రవ్వ చాలు. కరెంటు పని తెలిసినవాళ్లు పక్కన లేకుండా మొదలుపెట్టకండి.

లోపల సీలర్ కోటింగ్ వేయించాలా?

చిల్లులు లేకపోతే వద్దనే చెబుతాను. సీలర్ అంటుకోవాలంటే లోపల చుక్క తేమ, కాస్త జిడ్డు కూడా ఉండకూడదు. ఇళ్లలో అంత శుభ్రత కుదరదు. సరిగా అంటుకోని పూత ఏడాదికో రెండేళ్లకో పొరలుగా ఊడి ట్యాప్‌కు అడ్డం పడుతుంది. తుప్పునైనా నిమ్మ ఉప్పుతో తీయవచ్చు, ఊడుతున్న ఆ సీలర్ పూతను తీయడం నరకం.

కడిగాక సన్నని చిల్లు బయటపడింది. ఇప్పుడేం చేయాలి?

చిల్లు ముందే ఉంది, తుప్పు దాన్ని మూసి ఉంచిందంతే. చిల్లులు పూడ్చే ఎం-సీల్ ముద్ద ఇల్లు చేరడానికి పనికొస్తుంది, దాన్ని నమ్ముకుని తిరగలేం. ఒకటి రెండు చిల్లులైతే టంకమో, ఇత్తడి వెల్డింగో వేయించుకోవచ్చు. ఇక్కడ మాత్రం ప్రాణం మీదికి వచ్చే జాగ్రత్త ఒకటుంది. ఖాళీ ట్యాంకులో పెట్రోల్ చుక్క లేకపోయినా ఆవిరి ఉంటుంది, మంట తగిలితే ట్యాంకు బాంబే. విజయవాడ, గుంటూరు ఆటోనగర్లలో ట్యాంకు పని తెలిసినవాళ్లు ముందు వేడినీళ్లతో కడిగి, చిల్లు ఉన్నచోటు మాత్రం వదిలి మిగతా ట్యాంకంతా నీళ్లతో నింపి పని చేస్తారు. అలా చేయకుండా నేరుగా మంట పట్టబోయేవాళ్ల దగ్గర నుంచి ట్యాంకు తీసుకుని వచ్చేయండి. అడుగంతా జల్లెడైపోతే రేకు మార్పించడమో, వేరే ట్యాంకు చూసుకోవడమో తప్పదు.

ఇంత శ్రమ ఎందుకు, కొత్త ట్యాంకు కొంటే పోదా?

ఇప్పటికీ తయారవుతున్న మోడలైతే, కంపెనీ ట్యాంకు ధర మీకు భారం కాకపోతే, కొనేయండి. ఆర్‌ఎక్స్ 100, యెజ్డీ, రాజ్‌దూత్, పాత బుల్లెట్ లాంటి బళ్లకైతే ఒరిజినల్ ట్యాంకును పారేయకండి. ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లోనే ఆగిపోయింది, ఒరిజినల్ ట్యాంకు పోతే మళ్లీ దొరకదు. బయట దొరికే డూప్లికేట్లలో చాలావాటికి రేకు పలచన, సీటు దగ్గర కూర్చోవు. తుప్పు కొట్టిన ఒరిజినల్‌ను పాత ఇనుము కింద అమ్మి డూప్లికేట్ కొనుక్కున్నవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

మాది బీఎస్6 బండి. ఇదే పద్ధతా?

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బళ్లలో దాదాపు అన్నిటికీ ఫ్యూయల్ ఇంజెక్షనే, అంటే కార్బురేటర్ బదులు ఇంజెక్టర్ పెట్రోల్‌ను చిమ్ముతుంది. పంపు ట్యాంకు లోపలే ఉంటుంది. పంపు, దాని సీలు తీయకుండా లోపల ఏ ద్రావణమూ పోయకూడదు. ఇంజెక్టర్ రంధ్రాలు కార్బురేటర్ జెట్ కంటే ఎంతో సన్నవి, కాస్త పొడి వెళ్లినా మూసుకుపోతాయి. వారంటీ ఉంటే ముందు షోరూమ్‌లో అడగండి. లేకపోతే పంపు తీయడం, తిరిగి కొత్త సీలుతో బిగించడం తెలిసిన మెకానిక్‌తోనే చేయించండి.

పాత పెట్రోల్, ద్రావణం ఎక్కడ పారబోయాలి?

పెట్రోల్‌ను మురుగు కాలువలో పోయకండి. బందరు, ఏలూరు, రైవస్ కాలువల నీళ్లు ఎన్ని ఊళ్ల పొలాలకు పోతాయో మనకు తెలుసు. డబ్బాలో పోసి మెకానిక్ షెడ్డుకు ఇస్తే విడిభాగాలు కడగడానికి వాడుకుంటారు. నిమ్మ ఉప్పు ద్రావణంలో వంట సోడా వేసి నురగ ఆగేదాకా విరిచి, ఎక్కువ నీళ్లు కలిపి డ్రైనేజీలో వదలవచ్చు. మొక్కల మొదట్లో పోయకండి.

బిగించాక ఏమేం చూసుకోవాలి?

ట్యాప్ జాలీ, మూత వాషర్, పెట్రోల్ పైపు కొత్తవి వేయండి. ట్యాప్‌కూ కార్బురేటర్‌కూ మధ్య లోపల కనిపించే ప్లాస్టిక్ ఫిల్టర్ ఒకటి పెట్టండి, ఖర్చు తక్కువ. మొదటి ట్యాంకు పెట్రోల్ అయ్యేదాకా రోజూ ఆ ఫిల్టర్‌ను ఒకసారి చూడండి. మొదట్లో కాస్త ఎర్రపొడి రావడం మామూలే, ఫిల్టర్ మార్చేయండి. రెండో ట్యాంకులో కూడా అంతే వస్తుంటే లోపల ఎక్కడో పెచ్చు మిగిలిపోయిందని అర్థం, చైను పనితో మొదలుపెట్టి ఇంకోసారి చేయాలి. టూ స్ట్రోక్ ఆయిల్ వల్ల మొదటి రోజు సైలెన్సర్ నుంచి కాస్త పొగ వస్తుంది, కంగారు పడనక్కర్లేదు.